రెండవ దూత

ఆపద ఎదురైనప్పుడు గుండె వడివడిగా కొట్టుకుంటుంది. కాలేయం తాను దాచుకొన్న చక్కెరను రక్తంలోకి విడుదల చేస్తుంది. ఇందుకు కారణం అడ్రినలిన్ అనే హార్మోను. అయితే ఆ హార్మోను కణం లోపలికి ప్రవేశించదు. వెలుపలే నిలిచిన హార్మోను లోపలి పనులను ఎలా నడిపిస్తుంది? ఈ చిక్కుముడిని విప్పిన మహనీయుడు ఎర్ల్ సదర్లాండ్.

ఆయన 1915 నవంబరు 19న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, బర్లింగేమ్ అనే చిన్న ఊరిలో జన్మించారు. ఆర్థికమాంద్యం కుటుంబాన్ని కష్టాలపాలు చేయగా, ఆసుపత్రిలో పనిచేస్తూ కళాశాల విద్య పూర్తిచేశారు. 1942లో వైద్యపట్టా పొంది, రెండవ ప్రపంచయుద్ధంలో సైనిక వైద్యునిగా సేవలందించారు. యుద్ధానంతరం వైద్యవృత్తి, పరిశోధన అనే రెండు మార్గాల ముందు నిలిచిన ఆయన, గురువు కార్ల్ కోరి ప్రోత్సాహంతో పరిశోధననే ఎంచుకున్నారు.

హార్మోన్లు చెక్కుచెదరని కణాలపైనే పనిచేస్తాయని ఆనాటి శాస్త్రజ్ఞుల నమ్మకం. సదర్లాండ్, ఆయన సహచరుడు రాల్ క్లీవ్‌లాండ్ నగరంలో కాలేయ కణాలను చిదిమి, వాటి పొరల ముక్కలకు హార్మోనును చేర్చారు. వేడికి చెడని ఒక చిన్న పదార్థం పుట్టింది. దానిని కణద్రవంలో కలపగా, హార్మోను లేకుండానే హార్మోను చేసే పని జరిగింది. అదే సైక్లిక్ ఎ.ఎం.పి. ఇది ఎ.టి.పి. నుండి ఏర్పడుతుంది. ఆ ఎ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్మోను మొదటి దూత కాగా, దాని సందేశాన్ని కణంలోపలికి మోసే ఈ అణువు రెండవ దూత అయింది.

ఇంత చిన్న అణువు ఇన్ని హార్మోన్ల పనులు ఎలా చేయగలదని పలువురు సందేహించారు. సజీవ కణాలలో దానిని నిరూపించడం సులభం కాలేదు. బయటి నుండి ఇచ్చిన సైక్లిక్ ఎ.ఎం.పి. కణపొరను సులభంగా దాటలేదు. దాటినా లోపలి ఎంజైము దానిని నాశనం చేస్తుంది. అందుకే 1962లో సదర్లాండ్, జెనీవాకు చెందిన పోస్టర్నాక్ మొదలైనవారితో కలిసి, దానిని పోలిన కృత్రిమ అణువులను రసాయనికంగా తయారుచేశారు. వాటిలో రెండు బ్యుటిరిల్ సమూహాలు చేర్చిన అణువు ప్రసిద్ధి పొందింది. అది కణంలోకి తేలికగా చొరబడింది. ఎంజైముకు త్వరగా లొంగలేదు. హార్మోను వచ్చిందన్నట్లుగానే కణాలు స్పందించాయి. నకలు పనిచేయడమే అసలుకు సాక్ష్యమైంది. సందేశం ఒక్కటే అయినా, దానిని అందుకొనే కణాన్నిబట్టి పని మారుతుందని క్రమంగా స్పష్టమైంది.

సదర్లాండ్‌కు 1971లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1974 మార్చి 9న, యాభైయెనిమిదేళ్ల వయసులో, ఆయన మయామీలో కన్నుమూశారు. ఆ కృత్రిమ అణువులు నేటికీ ప్రయోగశాలల్లో పరిశోధకులకు తోడ్పడుతూనే ఉన్నాయి. సందేహాలకు వాదంతో కాక ప్రయోగంతో సమాధానం చెప్పిన సదర్లాండ్ జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం.