జెఫర్సన్ సీసా: వైన్ నేర్చుకున్న అధ్యక్షుడు, బిల్లు కట్టిన మనుషులు

తెలుగు ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన దుకాణంలో సులువుగా దొరకనిది ఏదైనా ఉందంటే అది వైనే. విస్కీ, బ్రాందీ, బీరు అరల నిండా ఉంటాయి. వైన్ అడిగితే దుకాణదారు మనల్ని ఒకసారి ఎగాదిగా చూసి, లోపలెక్కడో దుమ్ము పట్టిన రెండు సీసాలు తెచ్చిపెడతాడు. ఛత్తీస్‌గఢ్‌లో 2017 నుంచి మద్యం దుకాణాలు ప్రభుత్వ కార్పొరేషనే నడుపుతోంది. నేనుండే బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్‌లోనూ కౌంటర్ దగ్గర సలహా చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. రైల్వే ఉద్యోగాల మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లలో, విదేశాల నుంచి పిల్లలు వస్తున్నారంటే ఒక సీసా తెచ్చిపెడదామనుకునేవాళ్లు ఇప్పుడు కనిపిస్తున్నారు. వాళ్లందరి ప్రశ్న ఒకటే: ఏది కొనాలి, ఎలా తెలుస్తుంది?

ఇదే ప్రశ్నను చాలా పట్టుదలగా అడిగి, జవాబులన్నీ రాసి పెట్టుకున్న మనిషి ఒకడున్నాడు. ఆయన థామస్ జెఫర్సన్. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రచయితగా, మూడో అధ్యక్షుడిగా మనకు పాఠ్యపుస్తకాల్లో పరిచయం. వైన్ విషయంలో మాత్రం ఆయన 40 ఏళ్లు దాటాక శ్రద్ధగా బడికి వెళ్లిన విద్యార్థి.

1743లో వర్జీనియాలో పుట్టాడు. తండ్రి నుంచి భూములు వచ్చాయి, వాటితో పాటు బానిసలూ వచ్చారు. విలియమ్స్‌బర్గ్‌లో చదువుకునే రోజుల్లో గురువు జార్జ్ విత్ ఇంట్లో, గవర్నర్ ఫాకియర్ విందుల్లో వైన్ అలవాటైంది. అయితే అప్పటి అమెరికన్ పెద్దమనుషులు తాగింది బ్రిటిష్ వాళ్లు తాగిందే. పోర్ట్, లేదంటే మదైరా. రెండూ బ్రాందీ కలిపిన ఘాటు సరుకు. (మదైరాకు మనతోనూ సంబంధం ఉంది. ఆ దీవి నుంచి ఇండియాకు వచ్చే ఓడల అడుగున ఉష్ణమండలపు వేడికి మగ్గి రుచి పెరుగుతుందని, కొన్ని పీపాలను పనిగట్టుకుని ఇటు తిప్పి తీసుకెళ్లేవారు. మామూలు వైన్‌కు ఆ వేడి తగిలితే పాడవుతుంది. మే నెల బిలాస్‌పూర్‌లో ఏసీ లేని దుకాణం అరలో నిలబెట్టిన సీసా గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.)

1773లో ఫిలిప్ మాత్సేయీ అనే ఇటలీ మనిషి వర్జీనియా వచ్చాడు. జెఫర్సన్ తన ఇల్లు మాంటిచెల్లో పక్కనే అతనికి భూమి ఇచ్చి ద్రాక్ష వేయించాడు. యుద్ధం వచ్చింది. ఆ ఇంట్లో అద్దెకు దిగిన ఒక జర్మన్ సేనాని గుర్రాలు తోటను తొక్కేశాయి. ఆ తర్వాత జీవితాంతం యూరప్ తీగలు తెప్పించి నాటుతూనే ఉన్నాడు. కానీ మాంటిచెల్లో ద్రాక్షతో ఒక్క సీసా వైన్ అయినా తయారైనట్టు దాఖలా లేదు. అమెరికా నేలలో వేరును తినే ఫిలాక్సెరా పురుగు ఉందని ఆ కాలంలో ఎవరికీ తెలియదు.

1782లో భార్య పోయింది. 1784లో పారిస్ వెళ్లాడు, మరుసటి ఏడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్థానంలో ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారి అయ్యాడు. 1787 ఫిబ్రవరి చివర, విరిగిన మణికట్టుకు ఎక్స్ పట్టణపు వేడినీటి బుగ్గలు మంచివన్న వంకతో దక్షిణానికి బయలుదేరాడు. మూడు నెలలకు పైగా తిరిగాడు. ఆ ప్రయాణపు డైరీ ఇప్పటికీ ఉంది. అందులో మణికట్టు కన్నా ద్రాక్షే ఎక్కువ.

బర్గండీలో ఆయన మొదట గమనించింది రొట్టె. పొమ్మార్, వోల్నే గ్రామాల్లో కూలీలు మంచి గోధుమ రొట్టె తింటున్నారు. పక్కనే ఉన్న మెర్సోలో మాత్రం రై రొట్టె. కారణం అడిగాడు. పొమ్మార్, వోల్నేలది ఎర్ర వైన్, మెర్సోది తెల్ల వైన్. తెల్లది తరచూ దెబ్బతిని అమ్ముడుపోకుండా మిగిలిపోతుంది, అందుకే అక్కడి రైతు కూలీలకు బాగా పెట్టలేడు అన్నారు. ఊరూరా ఇలాగే అడిగాడు. ఎకరానికి ఎన్ని తీగలు, పీపా ఎంత, కూలి ఎంత, ఆడవాళ్లకెంత, మగవాళ్లకెంత. రైతు ఇంట్లోకి వెళ్లి కుండలో ఏముందో చూడాలని మిత్రుడు లఫాయెత్‌కు సలహా కూడా ఇచ్చాడు.

ధరల గురించి ఆయన రాసుకున్నది నేటికీ కొత్తగా కొనేవాళ్లకు పనికొస్తుంది. వోల్నే రుచిలో షాంబెర్తాన్‌కు తీసిపోదు, కానీ తేలికైనది, ఎక్కువ కాలం నిలవదు, దూర ప్రయాణం తట్టుకోదు. అందుకని దాని ధర షాంబెర్తాన్‌లో నాలుగో వంతే. పేరున్న తోటల పక్క తోటల్లోనూ అదే నాణ్యత పండుతుందని, యజమానులు అనామకులు కాబట్టి మామూలు ధరకే పోతుందని అక్కడివాళ్లు చెప్పింది కూడా రాసుకున్నాడు. అంటే సీసా ధరలో కొంత రుచిది, కొంత నిల్వ ఉండే శక్తిది, మిగిలింది పేరుది. ఈ మూడిట్లో మనకు ఏది కావాలో తేల్చుకుంటే సగం పని అయినట్టే. ఈ రాత్రి తాగబోయే సీసాకు 20 ఏళ్లు నిలిచే శక్తి ఉండి లాభమేమిటి? జెఫర్సన్ కూడా బోన్ పట్టణంలో పీపాలు చేసే ఎతియెన్ పరాన్‌ను నమ్మకస్తుడిగా పెట్టుకుని, వోల్నే, మెర్సోలనే ఎక్కువగా తెప్పించుకున్నాడు.

దారిలో ఇటలీ పీడ్‌మాంట్ నుంచి, పట్టుబడితే మరణశిక్ష అని తెలిసీ, కోటు జేబుల్లో వరి గింజలు దాటించాడు. కరోలినా రైతులకు మంచి విత్తనం కావాలట.

మే నెలలో బోర్డో చేరి, అన్నిటికన్నా మేలైన నాలుగు తోటల పేర్లు రాశాడు: మార్గో, లాటూర్, ఓ-బ్రియాన్, లఫీత్. 68 ఏళ్ల తర్వాత, 1855లో ఫ్రాన్స్ అధికారికంగా శ్రేణులు కట్టినప్పుడు ఎర్ర వైన్లలో మొదటి వరసలో నిలిచినవి సరిగ్గా ఈ నాలుగే. దీన్ని ఆయన నాలుక గొప్పతనంగా చెప్పేవాళ్లున్నారు. అంత లేదు. బోర్డో వర్తకులు అప్పటికే ధరలతో ఆ వరస కట్టేశారు. ఆయన చేసిందల్లా సరైన మనుషుల్ని అడగడం. అసలు తెలివి ఆ తర్వాత చూపించాడు. వర్తకులు ఒక తోట సరుకులో మరోచోటి ఘాటు వైన్ కలపడం ఆనాడు మామూలు. కాబట్టి మధ్యలో ఎవరూ లేకుండా తోట యజమానికే ఉత్తరం రాసి, అక్కడే సీసాల్లో నింపి పంపమని అడిగేవాడు. సోటెర్న్‌లోని ఇకెం తోట నుంచి 1784 పంటవి 250 సీసాలు అలాగే అడిగాడు. ఇప్పుడు లేబుల్ మీద, తయారైన చోటే నింపినట్టు రాసి ఉందా అని చూడమనేది ఇందుకే.

ఇక రుచి మాట. 1819లో, 76 ఏళ్ల వయసులో, మార్సేల్లోని అమెరికా కాన్సుల్ స్టీఫెన్ కాథలాన్‌కు రాసిన ఉత్తరంలో తన వైన్ పదాలకు అర్థాలు చెప్పాడు. ఒకరు ఒక మాట వాడి, మరొకరు ఇంకోలా అర్థం చేసుకుంటే పీపాలకు పీపాలు తప్పు సరుకు సముద్రం దాటి వస్తుంది మరి. తీపి, పులుపు, తీపి లేనిది, వగరు, చివరగా పట్టులాంటిది. నాలుకకు తెలిసీ తెలియనంత తీపి తగిలే వైన్ పట్టులాంటిదట. ఆయన అంతగా వివరించాల్సి వచ్చిన వగరును మనం ఏటా ఉగాది పచ్చడిలోనే నాలుక మీద వేసుకుంటున్నాం. నేరేడు పండు, వక్క, పచ్చి అరటికాయ నోటిని పట్టేసినట్టు చేసేదే ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్. వగరు పడనివాళ్లు తెల్ల వైన్‌తో మొదలుపెట్టొచ్చు. పులుపు ఇష్టమైతే మరీ మంచిది. వైన్ రాయుళ్ల ఆకాశపు వర్ణనల కంటే షడ్రుచులు తెలిసిన నాలుక నమ్మదగినదని నా అభిప్రాయం.

అధ్యక్షుడిగా (1801-09) ఆయన ఏడాది జీతం 25 వేల డాలర్లు. ఎనిమిదేళ్లలో వైన్‌కే 10 వేలు దాటింది. ముసలితనంలో ఖరీదైన బోర్డోలు మానేసి దక్షిణ ఫ్రాన్స్ తేలిక రకాలకు దిగాడు. లిమూ, రివ్‌సాల్త్, నీస్ దగ్గరి బెల్లే. భోజనంతో మూడు నాలుగు గ్లాసులు మించేవాడు కాదు, విస్కీ ముట్టలేదు. వైన్ చౌకగా దొరికే దేశంలో తాగుబోతులు ఉండరని, వైన్ మీద పన్ను వేస్తే జనాన్ని విస్కీ వైపు తోసినట్టేనని వాదించాడు. ఇది మాత్రం నిలవలేదు. చౌక వైన్ పారిన ఫ్రాన్స్‌లోనే తర్వాతి కాలంలో కాలేయ జబ్బులు పెరిగాయి.

మాంటిచెల్లో భోజనాల గదిలో పొయ్యికి రెండు వైపులా చిన్న తలుపులుంటాయి. తెరిస్తే కింద నేలమాళిగ నుంచి తాడు మీద సీసా పైకి వస్తుంది. అతిథులు ముచ్చటపడేవారు. కింద తాడుకు సీసా కట్టే మనిషి పైవాళ్లకు కనిపించడు. ఆ మనిషి బానిస. మనుషులంతా సమానమని రాసిన జెఫర్సన్, జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని.

1826 జులై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున, పోయాడు. మిగిల్చిన అప్పు లక్ష డాలర్ల పైనే. అదంతా వైన్ వల్ల కాదు. పొలాల నష్టాలు, ఇల్లు కట్టే పిచ్చి, మిత్రుడికి ఇచ్చిన హామీ, అన్నీ కలిశాయి. కానీ చేతిలో లేని డబ్బుతో బతకడం ఆయనకు అలవాటు, సీసాలు ఆ అలవాటులో భాగం.

1985లో లండన్ క్రిస్టీస్ వేలంలో, ఆయన పొడి అక్షరాలు చెక్కిన 1787 లఫీత్ సీసా ఒకటి 1,05,000 పౌండ్లకు పోయింది. పైసా పైసా లెక్క రాసుకున్న ఆ మనిషి కాగితాల్లో ఆ సీసా జాడ లేదని మాంటిచెల్లో పరిశోధకులు అప్పుడే చెప్పారు. అదే రకం సీసాలు కొన్న అమెరికన్ సంపన్నుడు బిల్ కోక్ నియమించిన పరిశోధకులు, ఆ అక్షరాలు కరెంటు పనిముట్టుతో చెక్కినవని తేల్చారు.

మాంటిచెల్లోలో అసలు వేలం 1827 జనవరిలో జరిగింది. అమ్మకానికి ప్రకటించినవాళ్లు 130 మంది. వీలునామాలో జెఫర్సన్ విడుదల చేసింది ఐదుగురినే, వాళ్లలో కమ్మరి జో ఫాసెట్ ఒకడు. అతని భార్య ఈడిత్, అధ్యక్ష భవనంలో ఫ్రెంచ్ వంట నేర్చి, ఆ వైన్లకు తోడు వడ్డించిన విందులు వండిన మనిషి. ఆమెనూ పిల్లలనూ వేలంలో పెట్టారు. కొడుకు పీటర్‌కు అప్పుడు 11 ఏళ్లు. చాలా ఏళ్ల తర్వాత స్వేచ్ఛ పొంది, ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి చేరి, అక్కడ పేరున్న కేటరర్ అయ్యాడు.