అడిగింది, నమ్మింది: పండిత రమాబాయి బతుకు

మన ఊర్లల్ల పిల్లలు చర్చిల ఏదన్న అడిగితే కొంతమంది పెద్దలకు కోపమొస్తది. ముగ్గురు కలిసి ఒక్క దేవుడెట్లయితడని అడిగినా, దేవుని ముందల అందరం సమానమైతే బొందలగడ్డ కాడ కులమెందుకని అడిగినా ఒక్కటే జవాబు. నీకు విశ్వాసం తక్కువైంది, మోకాళ్ల మీద పడి ప్రార్థన చెయ్యి. అవతలి పక్క ఇంకో రకపోళ్లున్నరు. నమ్మెటోడు అడగడు, అడిగెటోడు నమ్మడు అని ఫోన్లల్ల వీడియోలు పెడ్తరు. చూడనీకె ఇద్దరు కొట్లాడుకున్నట్టే ఉంటది గని, చెప్పేది మాత్రం ఒక్కటే. ప్రశ్న, విశ్వాసం ఒక్క ఇంట్ల ఉండయట.

ఆ మాట తప్పని చెప్పనీకె వాదం అక్కర్లే. ఒక ఆడమనిషి బతుకు సరిపోతది. ఆమెనే పండిత రమాబాయి.

1858ల పడమటి కనుమల అడివిల, ఇప్పటి కర్ణాటకల పుట్టింది. నాయిన అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత పండితుడు. ఆడోళ్లకు సంస్కృతం చెప్పుడే పాపమన్న కాలంల ఆయన తన భార్య లక్ష్మీబాయికి చెప్పిండు. పెద్దలు పిలిచి నిలదీస్తే, ఆ శాస్త్రాలే ముందల పెట్టి వాదించిండు. ఆ తల్లి కూసోబెట్టి బిడ్డకు నేర్పింది. అడుగుడు ఆ ఇంట్ల మొదటి నుంచే ఉండె.

ఇంటిల్లిపాది ఊరూరు తిరిగెటోళ్లు. గుడికాడ పురాణం చదువుడు, జనం ఇచ్చింది తినుడు, మళ్ల నడుసుడు. గిట్ల తిరుగుతుండంగనే కరువొచ్చింది. ఉన్నదంత దానాలకు, మొక్కులకు పెట్టిన్రు. ఉపాసాలున్నరు, జపాలు చేసిన్రు. తిరుపతిల ఆఖరి గింజ గూడ అయిపోయింది. అడుక్కునుడు నామోషీ, కూలి చేసుడు కులానికి తక్కువ. ఎవరి కంట పడకుండ సచ్చిపోదామని అడివిలకు పోయిన్రు. 11 రోజులు ఆకులు, నీళ్లు, పిడికెడు ఈతపండ్లతోని బతికిన్రు. నాయిన నీళ్లల్ల మునిగి పానం తీసుకుంటనన్నడు. అన్న శ్రీనివాస్ అడ్డం పడి, నేను కూలి చేసి సాదుతనన్నడు. కానీ అప్పటికే ఆలస్యమైంది. 1874ల నాయిన పోయిండు. ఎనకనే అమ్మ, తర్వాత అక్క. అప్పుడు రమకు 16 ఏండ్లు.

ఇన్ని మొక్కులు మొక్కితే ఒక్క గింజెందుకు రాలే? ఆమెకు మొదటి ప్రశ్న ఆకలిల పుట్టింది.

అన్నాచెల్లెలు వేల మైళ్లు నడిచి 1878ల కలకత్త చేరిన్రు. సంస్కృతంల గడగడ మాట్లాడే ఆడపిల్లను చూసి పండితులు అదిరిపోయిన్రు. పరీక్ష పెట్టి పండిత, సరస్వతి అని బిరుదులిచ్చిన్రు. ఇచ్చి, ఆడోళ్ల ధర్మం మీద ఉపన్యాసాలు చెప్పమన్నరు. చెప్పాలంటే చదవాలె గదా. చదివింది. ఈ పుస్తకాలల్ల ఒకదానికొకటి పొసగదు గని, రెండు విషయాల్ల మాత్రం అన్నీ కలుస్తున్నయని ఆమెకు అనిపించింది. ఆడదాన్ని కిందికి చూసుడొకటి, శూద్రున్ని కిందికి చూసుడొకటి. మోక్షానికి ఈ ఇద్దరికీ నేరుగ తోవ లేదు. బిరుదు ఇచ్చినోళ్లే అడగనీకె అవకాశం గూడ ఇచ్చిన్రన్నట్టు.

అదే కలకత్తల మొదటిసారి క్రైస్తవుల కూటం చూసింది. అందరు కుర్చీల ముందల మోకాళ్ల మీద ఉంటే, వీళ్లు కుర్చీలకు మొక్కుతున్నరేమో అనుకున్నదట. ఈ ముచ్చట ఆమెనే తర్వాత రాసుకున్నది.

1880ల అన్న గూడ పోయిండు. అదే ఏడు బ్రాహ్మణుడు కాని బెంగాలీ వకీలు బిపిన్ బిహారీ మేధావిని రిజిస్టర్ పెండ్లి చేసుకున్నది. ఆ ఇంట్ల దొరికిన బెంగాలీ లూకా సువార్త చదివింది. మిషనరీని పిలిపించుకోని అడిగి తెలుసుకున్నది. భర్తకు అది నచ్చలే. రెండేండ్లు కాకముందే ఆయన కలరాతోని పోయిండు. చేతుల పసిబిడ్డ మనోరమ. 23 ఏండ్లకు విధవ.

ఇంకొకలైతే మూలకు కూసునేటోళ్లు. ఈమె పుణె పోయి ఆడోళ్ల సంఘం ఆర్య మహిళా సమాజ్ పెట్టింది. 1882ల సదువుల మీద సర్కారు ఏసిన హంటర్ కమిషన్ ముందల నిలబడి, ఆడోళ్లకు ఆడ టీచర్లు, ఆడ డాక్టర్లు కావాలని చెప్పింది. తనే డాక్టర్ కావాలని 1883ల బిడ్డనెత్తుకోని ఇంగ్లండు పోయింది. చెవులు సరిగ వినపడక ఆ సదువు కుదరలే.

అక్కడ వాంటేజ్ అనే ఊర్ల క్రైస్తవ సిస్టర్ల దగ్గర ఉన్నది. వాళ్లు లండన్‌ల ఒక ఆశ్రమం చూపిచ్చిన్రు. లోకం చెడిపోయినోళ్లని ఎల్లగొట్టిన ఆడోళ్లను అక్కడ సాకుతున్నరు. రమాబాయి అడిగింది, వీళ్లను మీరెందుకు పట్టించుకుంటున్నరని. ఒక సిస్టర్ యోహాను సువార్త తెరిచి, బాయి కాడ యేసు సమరయ స్త్రీతోని మాట్లాడిన కథ చదివి వినిపిచ్చింది. ఊరు దూరం పెట్టిన ఆడదానితోని, తక్కువ జాతి అన్న మనిషితోని కూసోని మాట్లాడిన దేవుడు. కలకత్తల శాస్త్రాలను అడిగిన ప్రశ్నకు ఆమెకు జవాబు ఇక్కడ దొరికింది. 1883 సెప్టెంబర్ 29న బిడ్డతోని గూడ బాప్తిస్మం తీసుకున్నది. ఇది మతిల పెట్టుకోండ్రి. ఈమె విశ్వాసంలకు వచ్చిందే ప్రశ్న అడిగి.

ఇక్కడ పుణెల గోల లేసింది. పండితురాలు మతం మారుడేందని తిట్టిన్రు. జ్యోతిబా ఫూలే మాత్రం ఆమె పక్క నిలబడి రాసిండు. ఇంగ్లండు సిస్టర్లు మస్తు సంబురపడ్డరు. బాప్తిస్మం అయింది, ఇగ ప్రశ్నలు బందయితయి అనుకున్నరు కావచ్చు.

బందు గాలే. త్రిత్వం బైబిల్ల ఎక్కడున్నదని అడిగింది. ఎన్కటి సంఘపెద్దలు రాసిన విశ్వాస ప్రమాణం బైబిల్ల లేకుంటే నేనెందుకు ఒప్పుకోవాలె అన్నది. సిలువ మీద రాసే మాటలు లాటిన్‌ల ఎందుకు, మా దేశపోళ్లకు సంస్కృతమే దగ్గర గదా అన్నది. గుడ్డు, మాంసం ముట్టనన్నది. సిస్టర్ జెరాల్డిన్ ఆమెకు ధర్మమాత లెక్క. ప్రేమ ఉన్నమనిషే, కానీ ఇది గర్వమన్నది, లోబడుడు నేర్చుకొమ్మన్నది. చెల్టన్‌హామ్ కాలేజీల మగపిల్లలకు సంస్కృతం చెప్పే మాట వస్తే, బిషప్పులు వద్దన్నరు. హిందుస్థాన్‌ల ఆమె పేరు చెడుతదట. రమాబాయికి మండింది. నా నాయిన, నా భర్త ఏనాడు అడ్డు పడలే, నడుమ మీరెవరన్నట్టు జవాబు రాసింది. తనకో అంతరాత్మ ఉన్నదని, ఆలోచన ఉన్నదని, దేవుడిచ్చిన ఆ స్వేచ్ఛను మళ్ల ఇంకో పూజారి చేతుల పెట్టనని తేల్చి చెప్పింది. బ్రాహ్మణ పెద్దల కాడ విడిపించుకున్న మెడను తెల్లదొర బిషప్పుకు ఎందుకు వంచాలె?

గీ ఉత్తరాలన్నీ పుస్తకంగ అచ్చయినయి. చదివితే ఒకటి తెలుస్తది. కాలేజీ పెద్ద డొరోథియా బీల్ ఆమెతోని ఓపికగ వాదించింది, అనుమానాన్ని పాపమనలే. నోరు మూపిచ్చినోళ్ల కాడ రమాబాయి ఎదురు తిరిగింది. కూసోని మాట్లాడినోళ్ల కాడ నేర్చుకున్నది. చర్చి పెద్దలు ఈ తేడా చూడాలె. యేసును వదిలిపెడ్తనని మాత్రం ఆమె ఎవ్వరితోని అనలే.

1886ల అమెరికా పోయి, మన దేశపు ఆడోళ్ల గోస మీద పుస్తకం రాసి, పైసలు కూడేసి వచ్చింది. 1889 మార్చిల బొంబాయిల విధవల కోసం శారదా సదన్ తెరిచింది. మతం మార్చుడు ఉండదన్నది, ఎవరి ఆచారం వాళ్లదే. కానీ తను ప్రార్థన చేసుకునేటప్పుడు తలుపు మూసుకోలే, పిల్లలు వచ్చి కూసున్నరు. పత్రికలు దుమ్మెత్తి పోసినయి. 1893ల రనడే, భండార్కర్ అసొంటి పెద్దలు సలహా సంఘం నుంచి తప్పుకున్నరు. తల్లిదండ్రులు పిల్లల్ని తీస్కపోయిన్రు. చర్చి దిక్కు నుంచి లోబడలేదన్న మాట, ఊరి దిక్కు నుంచి మోసగత్తె అన్న మాట. అడిగెటోళ్లకు రెండు దిక్కులకెల్లి రాళ్లు పడుతయి.

ఆ రోజులల్లనే ఆమె తనను తాను గూడ అడుక్కున్నది. నాకు దొరికింది క్రైస్తవ మతమా, క్రీస్తా? ఏండ్ల కింద బాప్తిస్మం తీసుకున్న మనిషి, పేరున్న మనిషి, ఇది అడుక్కోనీకె ఎంత ధైర్యం కావాలె! మతం దొరికింది గని క్రీస్తు అప్పటిదాక దొరకలేదని తనే రాసుకున్నది. ఆ ప్రశ్న తర్వాతనే ఆమె విశ్వాసం గట్టిపడ్డది. మందిని అడుగుడు అల్కగుంటది, మనల్ని మనం అడుక్కునుడే బరువు.

1896ల మధ్య పరగణాలల్ల కరువు పడ్డది. రమాబాయికి తిరుపతి అడివి యాదికొచ్చింది. పోయి, ఆకలితోని ఉన్న ఆడపిల్లలను పుణె దగ్గరి కేడ్‌గావ్‌కు తెచ్చింది. అదే ముక్తి మిషన్ అయింది. తర్వాతి గుజరాత్ కరువుతోని దాదాపు 2,000 మంది అయిన్రు. అన్ని కులాలోళ్లు అక్కడనే తిన్నరు, అక్కడనే పని నేర్చిన్రు. 1897ల ప్లేగు దవాఖానల్ల ఆడోళ్ల బాధల మీద పేపర్‌ల రాసి సర్కారును గూడ నిలదీసింది.

ఆఖరికి ఆమె చేసిన పని చూడుండ్రి. మరాఠీ బైబిల్ పండితుల మాటలతోని ఉంది, సదువు తక్కువున్న ఆడమనిషికి ఎట్ల అర్థమైతదన్నది ఆమె అడిగిన ప్రశ్న. దానికి తనే జవాబైంది. పెద్ద వయసుల హీబ్రూ, గ్రీకు నేర్చుకోని, మూలం నుంచి పల్లె మనిషికి తెలిసే మరాఠీల మొత్తం బైబిల్ మళ్ల రాసింది. ఏండ్లకేండ్లు పట్టింది. ముక్తిల ఆడోళ్లే అచ్చరాలు కూర్చిన్రు, ఆడోళ్లే మిషన్ నడిపిన్రు. 1921ల బిడ్డ మనోరమ పోయింది. ఆ దుక్కంల గూడ పని ఆపలే. ప్రూఫులు చూసి, 1922 ఏప్రిల్ 5న కన్ను మూసింది.

పాస్టరయ్యలకు ఒక మాట. పిల్లలు అడిగితే భయపడకుండ్రి. యోబు అడిగిండు, తోమా అడిగిండు, వాళ్లను బైబిల్‌లకెల్లి ఎవరు తీసెయ్యలే. తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. అడుగుండ్రి, కానీ రమాబాయి లెక్క అడుగుండ్రి. ముందు చదివి అడగాలె. మన పెద్దలను, మందిని, ఆఖరికి మనల్ని గూడ అడగాలె. జవాబు దొరికితే దాని కోసం చెమటోడ్చాలె. నలుగుర్ల గెలిచి వీడియో పెట్టుకునుడు వేరు. రమాబాయి మాత్రం తనలెక్కనే ఇంకో ఆడమనిషి చదువుకోని, తనకు తానుగ అడగనీకె ఆ పుస్తకం చేతుల పెట్టిపోయింది.