మట్టిలోని మందు: యల్లాప్రగడ సుబ్బారావు

తన ఇంట చొరబడిన మృత్యువును తరుముచు ఖండాంతరములకు వెడలిన వైద్యశాస్త్రజ్ఞుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. వీరు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి, మూడవమారు ఉత్తీర్ణులైరి. మదరాసు వైద్యకళాశాలలో చదువుకాలమున గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్సాచార్యునకు అది కంటగింపయ్యెను. ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

ఇంతలో అన్నయు తమ్ముడును కొద్దిదినముల వ్యవధిలో స్ప్రూ అను సంగ్రహణికి బలియైరి. ఆ రోగమునకు మందు కనుగొనవలెనను దీక్షతో, మామగారి ధనసహాయమున, 1922 అక్టోబరులో బోస్టను చేరిరి. గర్భవతియైన భార్యను విడిచి వెళ్లిన సుబ్బారావుగారు పుట్టిన కుమారుని చూడనేలేదు. ఆ పసివాడు శైశవముననే గతించెను. వారు మరల స్వదేశమునకు రాలేదు.

హార్వర్డులో ఫిస్కేతో కలిసి, రక్తము మొదలగువానిలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరముల శక్తికి మూలములైన ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లు ఆ కృషిలోనివే. అయినను అచట స్థిరమైన పదవి దక్కలేదు.

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరినపిమ్మట వారి సంకల్పము ఫలించెను. కాలేయమునుండియు, సూక్ష్మజీవులను పెంచిన ద్రవమునుండియు ఫోలిక్ ఆమ్లమును వేరుచేసి, 1945 నాటికి దానిని కృత్రిమముగా నిర్మించిరి. స్ప్రూ రోగులకు అది సంజీవనియయ్యెను. దానికి ప్రతికూలముగా నిర్మించిన మందులు పిల్లల రక్తక్యాన్సరును నిలువరించినవి. విశాఖతీరవాసులకు చిరపరిచితమైన బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాన్ కూడ ఆ ప్రయోగశాలలోనిదే.

వారి నాయకత్వమున, డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టి నమూనాలను శోధించి, ఒక పసిడివన్నె సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ సాధించెను. 1948లో వెలువడిన ఆ మందే టెట్రాసైక్లినులలో మొదటిది. ఆ సంవత్సరమే ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి.

నాడు సూక్ష్మజీవి స్వభావసిద్ధముగా ఇచ్చినదానినే మానవుడు గ్రహించెను. 1978లో మానవ ఇన్సులిన్ జన్యువును బాక్టీరియములో చొప్పించి, కోరిన మందును దానిచేతనే చేయించెను. విశాఖ చెంత పరవాడలో నేడు ఔషధనగరమే వెలసినది. అన్నదమ్ములను దక్కించుకొనలేని ఆ మందు పరుల సోదరులనెందరినో దక్కించినది. ఆంధ్రులు ఆ ఋణమును మరువరాదు.