రహీము మాస్టరుగారి ముందువరుస

కాలిబంతి పోటీలు సమీపించినప్పుడెల్ల మన సంగము బాలురు తమ ముందువరుసను పొరుగు పాఠశాల ముందువరుసతో పోల్చుకొనుట మేమెరిగినదే. వారి కుడివైపువాడు వడిగలవాడనియు, మన నడిమివాడు పొడగరియనియు లెక్కలు సాగును. పెన్న యిసుకలో ఈ వాదము తెగకయే ప్రొద్దుగ్రుంకిన దినములు కలవు. ఇట్టి లెక్కలో ఆరితేరిన యొక బడిపంతులుగారి చరిత్రమును మా చదువరులకు విన్నవించుచున్నాము.

సయ్యదు అబ్దుల్ రహీముగారు 1909వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, అచటి జట్టున ఆడి, పిమ్మట కాచిగూడ, చాదర్‌ఘాటు మున్నగు చోట్ల ఉపాధ్యాయులుగా పనిచేసిరి. వ్యాయామవిద్యయందును పట్టము పొందిరి. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి.

ఆనాడు కలకత్తా ఈస్టు బెంగాలు జట్టు ముందువరుసకు దేశమంతట పేరు. వెంకటేశు, అప్పారావు, ధనరాజు, అహమ్మదు ఖాను, సాలే అను ఆ యైదుగురిని జనులు పంచపాండవులనిరి. అట్టివారు లేని పోలీసు జట్టు, బొంబాయి రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు మారులు గెలిచెను. ఇది యెట్లు సాధ్యమయ్యెనో రహీముగారు బాలురకు పెట్టిన పందెములను చూచిన తెలియును. ఒకదానిలో బలహీనమైన కాలితోనే తన్నవలెను. మరియొకదానిలో బంతిని వెంట నడుపుకొనిపోరాదు, వెంటనే తోటివానికి అందింపవలెను. పిల్లలకిది మొదట విసుగే పుట్టించియుండును. ఎడమకాలు మొద్దుబారిన మన వీరులు కొందరు ఇచట చెవియొగ్గుదురు గాక!

దేశపు జట్టును తీర్చిన భారమును వారిదే. 1952లో హెల్సింకీయందు, పెక్కుమంది వట్టి కాళ్లతో ఆడిన మనవారు యుగోస్లావియా చేతిలో 10–1గా ఓడిరి. నాలుగేండ్లకు మెల్‌బోర్నులో ఆస్ట్రేలియాను 4–2గా గెలిచిరి. నెవిలు డిసూజా మూడు గోలులు చేసెను. ఆ యొలింపికు పోటీలలో మనది నాలుగవ స్థానము.

అయితే మేము చెప్పదలచినది ముఖ్యముగా 1962వ సంవత్సరపు జకార్తా ముచ్చట. ఆసియా క్రీడలలో మొదటి ఆటయందే దక్షిణ కొరియా మనలను 2–0గా ఓడించెను. తరువాత తాయిలాండుతో ఆడుచుండగా వెనుకవరుస స్తంభమైన జర్నయిలు సింగునకు తల పగిలి ఆరు కుట్లు పడినవి. తలతో బంతిని ఎదుర్కొనవలసిన చోట నతనిని నిలుపుట అపాయము, మానిపించుట నష్టము. రహీముగారు అతనిని తీసికొనిపోయి ముందువరుస నడుమ నిలిపిరి! వెనుక ఖాళీని అరుణ ఘోషునకు అప్పగించిరి. కాగితముపై ఆటగాండ్రను పోల్చువాడెవడును ఇట్టి కూర్పు వ్రాయడు. ప్రదీపకుమార బెనర్జీ, చునీ గోస్వామి, సికింద్రాబాదు తులసీదాసు బలరాము వంటి చురుకైనవారి నడుమ ఎదుటి బ్యాకులకు బెదురు కలిగించు బలశాలి యొకడు కావలెనని మాస్టరుగారు కనిపెట్టిరని మా యూహ. దక్షిణ వియత్నాముపై 3–2 గెలుపులో జర్నయిలు ఒక గోలు చేసెను.

సెప్టెంబరు 4వ తేదీన తుదియాటకు మరల కొరియాయే యెదురయ్యెను. ఇస్రాయేలును, తైవానును ఆ క్రీడలకు రానీయకపోవుటను భారతీయుడైన సోంధీగారు ఆక్షేపించియుండిరి. అందుచే చూడవచ్చిన జనము మనవారిపై కినుకతో నుండిరి. ఆ కేకల నడుమ 17వ నిమిషమున బెనర్జీయు, 20వ నిమిషమున జర్నయిలును గోలులు చేసిరి. కొరియావారు 85వ నిమిషమున ఒకటి తీర్చుకొనిరిగాని, మనవారు 2–1గా స్వర్ణపతకము గెలిచిరి. 1951లో ఢిల్లీలో గెలిచిన పతకమునకిది తోడు.

రహీముగారు కాన్సరు వ్యాధిచే 1963 జూను 11వ తేదీన, 53 యేండ్ల ప్రాయమున, హైదరాబాదున పరమపదించిరి. పోలీసు జట్టునకు శిక్షకత్వమును తుదివరకు విడువలేదు. ఆసియా క్రీడలలో కాలిబంతి స్వర్ణపతకము అటుపిమ్మట మన దేశమునకు రాలేదు.