భక్తసింగ్ గారు ఆరాధనకు అడిగిన ఆధారం

ఆదివారం ఆరాధన ముగించుకొని అబిడ్స్ మీదుగా వెళ్లేటప్పుడు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర కాసేపు ఆగడం నాకు అలవాటు. ఆ కుప్పల్లో అప్పుడప్పుడు ఒక పాత బైబిలు కనిపిస్తుంది. తోలు అట్ట ఉన్నదైతే చేతిలోకి తీసుకోకుండా ఉండలేను. తీసుకున్నప్పుడల్లా సహోదరుడు భక్తసింగ్ గారు గుర్తుకొస్తారు.

ఆయన 1903లో పంజాబులోని జోయా అనే ఊళ్లో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంటర్మీడియట్ పాసైనప్పుడు ఒక బైబిలు చేతికందితే పేజీలు చింపేశారు. అట్ట మాత్రం అందంగా ఉందని దాచుకున్నారు. ఈ సంగతి తర్వాత తన సాక్ష్యంలో ఆయనే చెప్పుకున్నారు.

చదువు కోసం 1926లో ఇంగ్లండు వెళ్లారు. 1928లో కెనడాకు ప్రయాణిస్తుండగా ఓడలోని భోజనశాలలో క్రైస్తవ ఆరాధన జరిగింది. ఆయనా వెళ్లి కూర్చున్నారు. ప్రసంగం జరుగుతుంటే నిద్రపోయారట. ప్రసంగికులమైన మనం దీన్ని గుర్తుంచుకోవడం మంచిది! అందరూ మోకరించినప్పుడు ఆయనకు లేచి వెళ్లిపోవాలనిపించింది. గుడిలో, మసీదులో చెప్పులు విడిచి మర్యాద చూపినవాడికి ఇక్కడ మాత్రం బెట్టు ఎందుకని మోకాళ్లూనారు. చెప్పలేని సంతోషం కమ్ముకొని యేసు నామాన్ని పదేపదే పలికారు. అప్పటికి ఆయన బైబిలు చదవనే లేదు.

అనుభవమే చాలనుకుంటే కథ అక్కడే ఆగిపోయేది. 1929 డిసెంబరులో విన్నిపెగ్‌లో ఒక స్నేహితుణ్ణి బైబిలు కావాలని అడిగారు. అతడు తన జేబులోని కొత్త నిబంధన ఇచ్చాడు. ఆ రాత్రి చాలా పొద్దుపోయేదాకా చదువుతూనే ఉన్నారు. ఒకప్పుడు చింపేసిన పుటల్లోనే తన రక్షకుణ్ణి కనుగొన్నారు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొందారు. 1933లో బొంబాయిలో ఓడ దిగినప్పుడు, విశ్వాసాన్ని రహస్యంగా ఉంచుకోమన్న తల్లిదండ్రుల మాటకు ఒప్పుకోలేక ఒంటరివాడయ్యారు.

సువార్తికుడిగా ఆయన పేరు మోగింది. 1937లో పంజాబులోని మార్టిన్‌పూర్‌లో గొప్ప ఉజ్జీవం కలిగింది. అయితే మనం ఎక్కువగా ఆలోచించవలసింది 1941 గురించి. ఆ ఏడు మద్రాసులో, పల్లావరం కొండమీద రాత్రంతా ప్రార్థించిన తర్వాత, యెహోవా షమ్మా అనే సహవాసం మొదలైంది. తరువాతి కాలంలో మన హైదరాబాదులో, గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరి హెబ్రోను ఆయన పరిచర్యకు కేంద్రమైంది. అబిడ్స్ నుంచి నారాయణగూడ మీదుగా వెళితే ఎంతో దూరం లేదు.

అక్కడ ఆయన ఆరాధనను మిషనరీల దగ్గర ఉన్నది ఉన్నట్టుగా తీసుకోలేదు. ప్రతిదానికీ లేఖనంలో ఆధారం ఎక్కడని అడిగారు. అపొస్తలుల కార్యములు 2:42లోని నాలుగు సంగతులు, అంటే బోధ, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన, సంఘానికి పునాదిగా పెట్టుకున్నారు. ప్రతి ఆదివారం ప్రభువు బల్ల. చాపలమీద కూర్చున్న జనం. విశ్వాసులు ఒకరి తర్వాత ఒకరు లేచి ప్రభువును స్తుతించేవారు. కూలి పని చేసుకునేవాడు స్తుతిస్తే పక్కనున్న ఆఫీసరు ఆమేన్ అనాలి. ఆ తర్వాత అందరూ కలిసి ప్రేమవిందు. మొదటి పేతురు 2:9లోని యాజకత్వాన్ని మన వేదాంత కళాశాలల్లో పరీక్ష కోసం రాశాం. ఆయన దాన్ని చాపమీద కూర్చోబెట్టారు.

అభిషేకం పొందిన పాదిరిగా ఈ మాట రాయడం నాకు కాస్త ఇబ్బందే. ఆయనతో అన్నిటా ఏకీభవించను కూడా. లేవీయకాండము 23ను ఆధారం చేసుకొని ఆయన జరిపిన పరిశుద్ధ సమాజ కూటాలు ఎందరినో కట్టాయి. కానీ ఆ పండుగలు రాబోవువాటి ఛాయ అని కొలొస్సయులకు రాసిన పత్రిక బోధిస్తోంది కదా. అబిడ్స్‌లోని సెయింట్ జార్జ్ చర్చివంటి సంఘాల క్రమబద్ధమైన ఆరాధన లేఖనానికి దూరమనీ ఒప్పుకోను. అక్కడ పాత నిబంధన, పత్రిక, సువార్త పాఠాలు ప్రసంగికుని ఇష్టంతో నిమిత్తం లేకుండా వినిపిస్తాయి. స్వేచ్ఛగా ఆరాధిస్తామని చెప్పుకొనే మన కూటాల్లో కొన్ని, ఒక్క వచనం చదివి గంటన్నర మాట్లాడుతున్నాయి.

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ వైపు వెళ్లినప్పుడు సభల ఫ్లెక్సీలు చూస్తుంటాను. ప్రభువు పేరుకంటే ప్రసంగికుని ముఖం పెద్దదిగా ఉంటుంది. నాదాబు, అబీహు చేతిలో ఉన్నవీ ధూపార్తులే. అందులోని అగ్నే ఆయన ఆజ్ఞాపించనిది. అయితే ఫ్లెక్సీలను తిట్టడం సులభం. గత నెల మా సొంత ఆరాధనను గడియారం పెట్టి చూశాను. ప్రకటనలకు పద్నాలుగు నిమిషాలు పట్టింది, వాక్య పఠనానికి నాలుగు. ఎవరిని గద్దించాలో నాకు తెలియలేదు.

హెబ్రోను పద్ధతుల్ని తూచా తప్పకుండా పాటించేవారితోనూ ఒక మాట. చాప, పాట, కూటం నిడివి ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. ఆధారం అడిగే అలవాటు మాత్రం పోతే, ఆయన ఏ మానవ సంప్రదాయాన్ని ప్రశ్నించారో దాన్నే ఆయన పేరుమీద మళ్లీ కట్టినట్టవుతుంది.

చివరి సంవత్సరాల్లో జబ్బు ఆయన్ని మంచం పట్టించింది. అంతటి స్వరం మూగబోయింది. 2000 సెప్టెంబరు 17న ప్రభువు సన్నిధికి వెళ్లారు. నారాయణగూడ సమాధుల తోటలో ఉంచారు.

వచ్చే వారం మా సంఘ కమిటీ కొత్త సౌండ్ సిస్టం గురించి కూర్చుంటోంది. లెక్కలు తీసేముందు మొదటి కొరింథీయులకు 14వ అధ్యాయం మొత్తం చదవాలని అడిగాను. ఒప్పుకున్నారు.