పసిపిల్లల ఉస్తాద్ – డాక్టర్ జాకిర్ హుస్సేన్ సాహెబు గారు

మన ఇళ్లలో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా చేయడం తాతముత్తాతల నాటి ఆనవాయితీ. కొత్త బట్టలు తొడిగి, మెడలో పూలహారం వేసి, పెద్దల సమక్షంలో మౌల్వీ సాహెబు గారి చేత తొలి పాఠం పలికిస్తాము. బంధుమిత్రులకు మిఠాయి పంచుతాము. చాలా మంచి సంప్రదాయం. అయితే ఆ మరునాటి నుండి ఆ బిడ్డ చదువు ఎవరి బాధ్యత? ఫీజు కట్టేశాము గనుక ఇక అంతా బడివాళ్లే చూసుకోవాలని ఇంట్లోవాళ్లు అంటారు. ఇంట్లో ఒక్క గంటైనా పట్టించుకోకపోతే మేమేం చేయగలమని బడివాళ్లు అంటారు. ఈ ఇద్దరి నడుమ నలిగేది ఆ పసివాడే.

ఈ ప్రశ్నకు తన జీవితంతోనే జవాబు చెప్పిన మహనీయుడు మర్హూం డాక్టర్ జాకిర్ హుస్సేన్ సాహెబు గారు. వారు మన దేశానికి మూడవ రాష్ట్రపతి అని, ఆ పదవిని అలంకరించిన తొలి ముస్లిం అని మన సభ్యులందరికీ తెలుసు. కాని వారు అన్నిటికంటె ముందు ఒక బడిపంతులు. అందులోనూ చిన్నపిల్లల పంతులు. ఆ సంగతి తెలిసినవారు తక్కువ. అందుకే ఈ సంచికలో వారి జీవితాన్ని ఆ వైపు నుండి సభ్యుల ముందు, ముఖ్యంగా తల్లుల ముందు ఉంచదలచాము.

జాకిర్ సాహెబు 1897 ఫిబ్రవరి 8వ తేదీన మన హైదరాబాదులో జన్మించారు. వారి పూర్వీకులు అఫ్రీదీ పఠానులు. స్వస్థలం ఉత్తర ప్రదేశ్‌లోని ఫరూఖాబాదు జిల్లా కాయంగంజ్. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు హైదరాబాదు వచ్చి వకీలుగా స్థిరపడ్డారు. ఏడుగురు అన్నదమ్ములలో జాకిర్ సాహెబు మూడవవారు. తొలి చదువు ఇక్కడ ఇంటివద్దనే సాగింది. పదేళ్ల వయసులో, 1907లో తండ్రి కాలం చేయగా, కుటుంబం తిరిగి కాయంగంజ్ చేరింది. పిల్లవాణ్ని ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులో చేర్చారు. 1911లో ప్లేగు వ్యాధి తల్లిని కూడా తీసుకుపోయింది.

తల్లీ తండ్రీ లేని ఆ పిల్లవాడికి ఇటావా హెడ్మాస్టరు సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ గారు పెద్దదిక్కుగా నిలిచారు. పాఠం ఒక్కటే చెప్పి ఊరుకోలేదు, నడవడి నేర్పారు. ఒక ఉపాధ్యాయుడు తండ్రి స్థానంలో నిలబడితే పిల్లవాడు ఎంతవాడు కాగలడో జాకిర్ సాహెబు తన బాల్యంలోనే చూశారు. దానిని జీవితాంతం మరచిపోలేదు.

తరువాత అలీగఢ్ కాలేజీలో చేరారు. 1920లో సహాయ నిరాకరణ పిలుపు రాగానే, ప్రభుత్వ సహాయంతో నడిచే ఆ కాలేజీని వదలి బయటికి వచ్చిన విద్యార్థులలో వారు ముందువరుసలో ఉన్నారు. వట్టిగా బయటికి వస్తే సరిపోదు, చదువుకోడానికి మన సొంత బడి ఉండాలి గదా అని పెద్దలను పట్టుబట్టినవారిలోనూ వారే ముందు. అట్లా 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. హకీం అజ్మల్ ఖాన్, మౌలానా మహమ్మదలీ, డాక్టర్ అన్సారీ వంటివారు దానికి అండ. 1925లో ఆ సంస్థను ఢిల్లీకి, కరోల్‌బాగ్‌కు మార్చారు.

జాకిర్ సాహెబు 1922లో జర్మనీ వెళ్లి బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి డాక్టరేటు పొందారు. చదివింది అర్థశాస్త్రమే అయినా మనసు మాత్రం చదువు చెప్పే పద్ధతులపైన ఉండేది. ఆ రోజుల్లో జర్మనీలో కెర్షెన్‌స్టైనర్ అనే విద్యావేత్త, పిల్లలు పుస్తకం ముందు కదలకుండా కూర్చుని నేర్చేదానికంటె చేతులతో పని చేస్తూ నేర్చేదే నిలుస్తుందని చెప్పి బడులను మార్పించారు. జాకిర్ సాహెబు ఆ మాటను గుండెలో పెట్టుకొని 1926లో తిరిగి వచ్చారు. ఆబిద్ హుస్సేన్ గారు, ముజీబ్ గారు అనే ఇద్దరు మిత్రులు కూడా వెంట వచ్చారు.

వచ్చేసరికి జామియా మూసివేసే స్థితిలో ఉంది. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో దాని భారం వారి నెత్తిన పడింది. 1927 చివర్లో హకీం అజ్మల్ ఖాన్ గారు మరణించడంతో ఉన్న ఆధారమూ పోయింది. అప్పుడు జాకిర్ సాహెబు, వారి సహచరులు కలిసి ఒక ప్రతిజ్ఞ చేశారు: ఇరవై ఏళ్లపాటు నెలకు 150 రూపాయలకు మించకుండా జీతం తీసుకొని జామియాకు సేవ చేస్తామని. ఆ కాస్త జీతం కూడా చాలా నెలలు చేతికి రాలేదు. విదేశంలో డాక్టరేటు పొందినవారికి పెద్ద ఉద్యోగాలు ఎన్నో దొరికేవి. వారు వాటివైపు చూడలేదు. 1948 వరకు, ఇరవై రెండేళ్లు, జామియాకు షేఖుల్ జామియాగా, అంటే వైస్ ఛాన్సలరుగా ఉన్నారు.

ఇక అసలు సంగతికి వద్దాము. విశ్వవిద్యాలయాన్ని నడిపే పెద్దమనిషి కాలేజీ తరగతుల గురించి ఆలోచిస్తాడని అనుకుంటాము. జాకిర్ సాహెబు మాత్రం అన్నిటికంటె ఎక్కువ శ్రద్ధ ప్రాథమిక పాఠశాల మీద పెట్టారు. పునాది గట్టిగా లేకుండా మేడ కట్టి ఏం లాభమని వారి ఆలోచన. ఆ బడికి అబ్దుల్ గఫార్ మధోలీ గారనే ఉపాధ్యాయుడు దొరికారు. అక్కడ పిల్లలే నడిపే చిన్న దుకాణం ఉండేది, పిల్లల బ్యాంకు ఉండేది. దుకాణంలో పెన్సిలు అమ్మి చిల్లర ఇచ్చేటప్పుడే కూడిక, తీసివేత వచ్చేసేవి. లెక్క తప్పితే బెత్తం దెబ్బ లేదు, గల్లాపెట్టెలో డబ్బు తగ్గేది, పిల్లవాడే కూర్చొని తప్పు వెతుక్కునేవాడు. పిల్లల కోసం పయామె తాలీమ్ అనే పత్రికను కూడా జామియా నడిపింది.

ఈ సందర్భంలో ఒక స్త్రీ పేరు చెప్పకపోతే అన్యాయం. ఆమె గెర్డా ఫిలిప్స్‌బోర్న్. జర్మనీకి చెందిన యూదు మహిళ. బెర్లిన్‌లో జాకిర్ సాహెబు మిత్రబృందంతో పరిచయమై, 1933 ప్రాంతంలో తన దేశం వదలి జామియాకు వచ్చేశారు. పసిపిల్లల తరగతిని, చిన్నపిల్లల హాస్టలును చూసుకున్నారు. స్నానం చేయించడం, గోళ్లు తీయడం, జబ్బు చేస్తే రాత్రంతా పక్కన కూర్చోవడం, ఆటలతో పాటలతో నేర్పడం, అన్నీ ఆమె పనే. పిల్లలందరికీ ఆమె ఆపాజాన్. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆమె జర్మను అన్న కారణంగా బ్రిటిషువారు కొంతకాలం నిర్బంధంలో ఉంచారు. 1943లో కాన్సరు వ్యాధితో కన్నుమూశారు. జామియా ఖబ్రస్తాన్‌లోనే ఆమె సమాధి ఉంది. జామియాలో పసిపిల్లల కేంద్రానికి ఆమె పేరే పెట్టారు. మన పిల్లల కోసం పరాయి దేశపు, పరాయి మతపు స్త్రీ ప్రాణం ధారపోసిందంటే, కన్నవాళ్లం మనం ఎంత చేయాలి?

1935 మార్చి 1వ తేదీన ఓఖ్లాలో జామియా సొంత పాఠశాల భవనానికి శంకుస్థాపన జరిగింది. అప్పటికి ఓఖ్లా ఒక మారుమూల పల్లె. శంకుస్థాపనకు నవాబులను, మంత్రులను పిలవడం మనకు అలవాటు. జామియావారు మాత్రం బడిలోని అందరికంటె చిన్న విద్యార్థి చేత రాయి వేయించారు. బడి ఎవరిదో ఆ ఒక్క పనితో అందరికీ తెలిసిపోయింది.

జాకిర్ సాహెబు గురించి చెప్పుకొనే సంఘటనలలో ఒకటి గుండెను కలచివేస్తుంది. ప్రాథమిక పాఠశాల పరీక్షల ఫలితాలు వచ్చిన రోజున వారు పిల్లలకు తమ చేతులతో మిఠాయి పంచుతున్నారు. ఇంతలో ఇంటినుండి మనిషి వచ్చి, చిన్న కూతురు రెహానాకు చాలా జబ్బుగా ఉందని చెవిలో చెప్పాడు. కొంతసేపటికి మళ్లీ వచ్చి ఆ పాప ఇక లేదని చెప్పాడు. వారి ముఖం పాలిపోయింది గాని చేయి ఆగలేదు. చివరి పిల్లవాడి వరకు మిఠాయి పంచిన తరువాతే ఇంటికి వెళ్లారు. ఎందుకట్లా చేశారని తరువాత అడిగితే, అంత సంతోషంగా ఉన్న పిల్లల సంతోషాన్ని మధ్యలో చెడగొట్టడానికి మనసు రాలేదన్నారట. ఈ సంఘటనను అందరూ వారి నిబ్బరానికి ఉదాహరణగా చెబుతారు. ఆ సమయంలో ఆ తల్లి ఇంట్లో ఒంటరిగా ఎంత దుఃఖపడిందో అని మాకు అనిపిస్తుంది. ఒక మంచి బడి వెనుక గురువు ఒక్కడి త్యాగమే కాదు, గురువు ఇంటివారి త్యాగం కూడా ఉంటుంది.

ఆ పాపను వారు మరువలేదు. పిల్లల కోసం వ్రాసిన కథలను రుఖయ్యా రెహానా అనే పేరుతో ప్రచురించారు. వాటిలో పేరుపొందినది అబ్బూ ఖాన్ మేక కథ. చాందినీ అనే మేక తాడు కట్టిన దొడ్డిలో బ్రతకలేక కొండమీదికి పారిపోతుంది. తోడేలు వస్తుంది. గెలవలేనని తెలిసి కూడా తెల్లవారేదాకా పోరాడి ప్రాణం విడుస్తుంది. గెలిచిందెవరని చెట్టుమీద పక్షులు వాదించుకుంటాయి. అవన్నీ తోడేలే గెలిచిందంటే, ఒక ముసలి పక్షి మాత్రం చాందినీయే గెలిచిందంటుంది. ఉర్దూ బడులలో తరతరాల పిల్లలు ఈ కథ చదువుకున్నారు. కథ చెప్పి ఊరుకుంటే చాలు, నీతి పిల్లలే ఏరుకుంటారు.

మరొక ముచ్చట కూడా ప్రచారంలో ఉంది. విద్యార్థులు బూట్లు శుభ్రంగా ఉంచుకోవాలని ఎన్నిసార్లు చెప్పినా వినలేదట. ఒకరోజు జాకిర్ సాహెబు బ్రష్షు, పాలిష్ డబ్బా పట్టుకొని గేటు దగ్గర కూర్చొని, వచ్చినవాళ్ల బూట్లు తుడవసాగారట. మరునాటి నుండి మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు. తిట్టలేదు, కొట్టలేదు. చేసి చూపించారు.

1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యా సమావేశం జరిపి, కొత్త విద్యాప్రణాళిక తయారు చేసే సంఘానికి జాకిర్ సాహెబును అధ్యక్షుణ్ని చేశారు. ఏడేళ్లనుండి పద్నాలుగేళ్ల వరకు ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఏదైనా ఒక చేతిపని చుట్టూ పాఠాలు, ఇవి అందులోని ముఖ్యాంశాలు. పిల్లల పనితో బడి ఖర్చు వెళ్లాలన్న దానిమీద ఎక్కువ పట్టుపడితే పిల్లలు కూలీలు అయిపోయే ప్రమాదముందని ఆ సంఘమే హెచ్చరించింది. 1945 నుండి ఏడేళ్లలోపు పసిపిల్లల చదువును, తల్లిదండ్రుల శిక్షణను కూడా ఈ ప్రణాళికలో కలుపుకున్నారు.

ఈ పనివల్ల వారికి ఇంటా బయటా మాటలు పడవలసి వచ్చింది. అందులో మతబోధ లేదని ముస్లిం లీగువారు తీవ్రంగా విమర్శించారు. తన సొంతవారి నిందకు వారు నొచ్చుకున్నారు గాని పని ఆపలేదు. మరోవైపు, స్వరాజ్యం వచ్చాక బేసిక్ విద్య పేరుతో చాలా చోట్ల జరిగింది పైపై తంతు మాత్రమేనని తామే బహిరంగంగా అన్నారు. తాము నాటిన మొక్క అయినా సరే, ఎండిపోతుంటే ఎండిపోతోందని చెప్పే ధైర్యం వారిది.

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశమంతా కత్తులు దూసుకుంటున్న రోజులు. నెహ్రూ, జిన్నా మొదలైన ఇరుపక్షాల నాయకులను ఒకే వేదిక మీదికి తెచ్చి, ఈ ద్వేషాగ్నిలో మనం పిల్లలను ఎట్లా పెంచగలమని వారి ఎదుటే అడిగారు. మరుసటి ఏడు 1947లో జలంధర్ స్టేషనులో అల్లరి మూకల చేతిలో ప్రాణాపాయం నుండి తప్పించుకున్నారు. కాపాడినవారిలో ఒకరు సిక్కు, ఒకరు హిందువు.

తరువాత అలీగఢ్ విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలరు, 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. ఇన్ని మెట్లెక్కినా ఉపాధ్యాయుణ్నని చెప్పుకోవడమే వారికి గర్వం. 1969 మే 3న పదవిలో ఉండగానే మరణించారు. వారిని జామియా ఆవరణలోనే ఖననం చేశారు.

ఇప్పుడు చట్టం మారింది. 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుండి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించి, వీలైనంతవరకు ఇంటి భాషలో బోధించాలని చెప్పింది. జాకిర్ సాహెబు ఎనభై ఏళ్లకు పైగా క్రితం చెప్పిన మాటే ఇది. కాని చట్టం మన వంటింట్లోకి రాదు గదా. మూడేళ్ల బిడ్డను, ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో కంఠస్థం చేయమని కూర్చోబెడితే ఆ బిడ్డ పలుకుతాడు గాని ఆలోచించడు. ఇంగ్లీషు నేర్పవద్దని మేము అనడం లేదు. ముందు అమ్మీ భాషలో నోరు విప్పనివ్వండి, దానిమీద ఎన్ని భాషలైనా నిలబడతాయి.

దీనికి డబ్బు అక్కర లేదు. రాత్రి ఒక కథ చెప్పండి. చపాతీలు చేసేటప్పుడు లెక్క పెట్టమనండి. కూరగాయలు తెచ్చేటప్పుడు చిల్లర లెక్క బిడ్డ చేతికివ్వండి. నమాజుకు వెళ్లి వస్తూ దారిలో చెట్ల పేర్లు చెప్పండి. చెల్లెలితోనో, పక్కింటి పిల్లవాడితోనో పోల్చి చిన్నబుచ్చకండి. నెలకొక్కసారి, ముఖ్యంగా తండ్రులు, బడికి వచ్చి ఉస్తాదును కలవండి. మా ఉపాధ్యాయులం కూడా గేటు దగ్గర మీకోసం ఎదురుచూడాలి, మీరు వస్తే కుర్చీ వేయాలి.

మన సంఘం స్కాలర్‌షిప్పులు ఎక్కువగా పదవ తరగతి దాటినవారికి ఇస్తోంది. మంచిదే. కాని పదవ తరగతిదాకా రాకుండానే జారిపోయే పిల్లలు మొదటి రెండు మూడు తరగతుల్లోనే వెనుకబడతారు. వారికోసం మస్జిదు పక్క గదిలో సాయంత్రం ఒక గంట కథల తరగతి నడపలేమా? చదువుకున్న మన ఆడబిడ్డలు మొహల్లాకు ఒకరైనా ఆపాజాన్ కాలేరా? సభ్యులు ఆలోచించాలని కోరుతున్నాము. అల్లాహ్ మర్హూం జాకిర్ సాహెబుకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక, మన పిల్లలకు మంచి చదువును, మనకు వారిపట్ల ఓపికను ఇచ్చుగాక. ఆమీన్.