వసంతవనిలో విషాదగీతి

తెలుగు కవికి వసంతం కొత్త వస్తువు కాదు. ప్రబంధాలకు లాక్షణికులు విధించిన అష్టాదశ వర్ణనలలో ఋతువర్ణన ఒకటి. మామిడి చిగుళ్ళు, కోయిల కూతలు, మలయమారుతం, మన్మథుని పూలబాణాలు దానికి సామగ్రి. విరహంతో వేగే నాయికకు ఇవన్నీ శత్రువులై తాపాన్ని పెంచుతాయి. రామరాజభూషణుని వసుచరిత్రలో గిరిక పడే వేదన ఇందుకు చక్కని ఉదాహరణ. అయితే అక్కడి దుఃఖం నాయికది, కవిది కాదు. కవి తన సొంత దుఃఖాన్నే పూలతోట నడుమ నిలిపి పాడటం భావకవిత్వంతో బలపడింది. ఆ మార్గానికి ప్రతినిధిగా నిలిచిన కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి.

కృష్ణశాస్త్రి 1897 నవంబరు 1న పిఠాపురం సమీపంలోని చంద్రంపాలెంలో జన్మించారు. తండ్రి తమ్మన్న శాస్త్రి, పెదతండ్రి సుబ్బరాయ శాస్త్రి పిఠాపుర సంస్థానంలో గౌరవం పొందిన పండితకవులు. ఇంట్లో నిత్యం సాహిత్యగోష్ఠి సాగేది. అందువల్ల సంప్రదాయ కవిత్వం ఆయనకు పసితనంలోనే పట్టుబడింది. పాఠశాలలో కూచి నరసింహం గారి బోధన ఆంగ్ల సాహిత్యంపై మక్కువ కలిగించింది. రఘుపతి వేంకటరత్నం నాయుడు గారి ప్రభావంతో బ్రహ్మసమాజ భావాలు అలవడ్డాయి. ఒకవైపు ప్రబంధాల పలుకుబడి, మరొకవైపు ఆంగ్ల కాల్పనిక కవుల ఆత్మాశ్రయ ధోరణి ఆయనలో కలిసిపోయాయి. 'ఆంధ్రా షెల్లీ' అన్న పేరు రావడానికి కారణం ఇదే.

1920లో రైలులో బళ్ళారి వెళుతున్నప్పుడు దారిలోని ప్రకృతి ఆయనను కదిలించిందనీ, 'కృష్ణపక్షము' కావ్యానికి అదే బీజమైందనీ చెబుతారు. ఆ కావ్యం పూర్తికాకముందే, 1922లో, ఆయన భార్య మరణించారు. పూల కోసం, ఆకాశం కోసం మొదలైన పాటలో కన్నీరు చేరింది. 1925లో వెలువడిన ఆ కావ్యం పేరులోనే రెండు అర్థాలు ఉన్నాయి. వెన్నెల తరిగి చీకటి పెరిగే పక్షం అన్నది ఒకటి. కృష్ణుడనే కవి తన పక్షాన చెప్పుకొన్న మాట అన్నది మరొకటి.

ఈ కావ్యంలో ప్రకృతి విరహిణిని వేధించే శత్రువు కాదు. చెట్టుచేమలలో కలిసిపోయి ఆ అడవిలోనే ఉండిపోవాలని కవి కోరుకుంటాడు. లోకం నవ్వినా లెక్కచేయక తన ఇచ్ఛయే తనకు మార్గమని పాడే స్వేచ్ఛ ఒకచోట, ఓదార్పు లేని ఏకాంతం మరొకచోట కనిపిస్తాయి. వసంతం లోకమంతటికీ వస్తుంది. దుఃఖితుని గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోతుంది. ఎదుట ఉన్న శోభ ఎంత నిండుగా ఉంటే లోపలి లోటు అంత స్పష్టంగా తెలుస్తుంది. ఆయన కవిత్వంలోని విషాదానికి బలం ఈ వైరుధ్యమే. 'ప్రవాసము', 'ఊర్వశి' కావ్యాలలోనూ ఆ వేదన కొనసాగింది.

గిరజాల జుట్టుతో, మధురమైన కంఠంతో ఆయన ఊరూరా తిరిగి కవితలు చదివేవారు. తన కవితలనే కాక తోటి కవుల గీతాలను కూడా వినిపించి భావకవిత్వానికి ప్రచారం తెచ్చారు. ఆనాటి యువకులు ఎందరో ఆయనను అనుకరించారు. అనుభవం లేని అనుకరణ వల్ల కన్నీరు ఒక వేషంగా మారింది. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి వంటివారు పేరడీలతో ఆ ధోరణిని ఎగతాళి చేశారు. తొలి రోజులలో కృష్ణశాస్త్రి ప్రభావంలో రచన సాగించిన శ్రీశ్రీ కూడా 1930ల నాటికి వేరు దారి తొక్కారు. ఆకలి, నిరుద్యోగం ముందుకు వచ్చిన ఆ కాలంలో ఒక కవి ఏకాంత దుఃఖానికి విలువ ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. కాని నిజమైన వేదనకూ అరువు తెచ్చుకొన్న వేదనకూ గల భేదాన్ని కాలమే తేల్చింది.

బి.ఎన్. రెడ్డి దర్శకత్వంలో 1951లో విడుదలైన 'మల్లీశ్వరి' చిత్రానికి కృష్ణశాస్త్రి రాసిన పాటలు ఆయన కవిత్వాన్ని సామాన్యుల పెదవులపైకి చేర్చాయి. 1957లో ఆయన హైదరాబాదు ఆకాశవాణిలో చేరి లలితగీతాలు, సంగీత రూపకాలు రచించారు. 1960ల తొలి భాగంలో కంఠవ్యాధి సోకి, ఆయన గొంతు శాశ్వతంగా మూగవోయింది. సభలను ముగ్ధం చేసిన కవి, మనసులోని మాటను కాగితంపై రాసి చూపవలసి వచ్చింది.

ఆ తరువాత 'సుఖదుఃఖాలు' చిత్రం కోసం ఆయన ఒక కోయిల కథను పాటగా రాశారు. వసంతం వచ్చిందని భ్రమపడి తొందరగా గొంతు విప్పిన కోయిల, ఎండవానల కాఠిన్యం తెలియక ఎగిరి చివరకు నేలకు ఒరుగుతుంది. అది కథలోని స్త్రీ దుఃఖానికి రాసిన పాట. అయినా కంఠం కోల్పోయిన కవి కోయిలను గురించి రాశాడని తెలిసిన శ్రోతకు అందులో మరో వేదన కూడా వినిపిస్తుంది. ఇక్కడ 'నేను' అన్న మాట లేదు. తన దుఃఖాన్ని తానే చెప్పుకొన్న యువకవి, వయసు మళ్ళాక దానిని మరొకరి దుఃఖంలో కలిపివేశాడు.

1976లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో సత్కరించింది. 1980 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశారు. రెండేళ్ళకు, 1982లో, 'మేఘసందేశం' చిత్రం ద్వారా ఆయన గీతాలు కొత్త తరానికి చేరాయి. వసంతం వచ్చిన ప్రతిసారీ అందరి ఇళ్ళలో ఆనందమే నిండదు. ఆ వెలితికి తెలుగులో ఒక గొంతు ఇచ్చినవారు కృష్ణశాస్త్రి. ఆయన కంఠం మూగవోయినా ఆ పాట మాత్రం ఆగలేదు.